వేయిన్ని ముప్పదినలుగురు పెండ్లికూతుండ్రు

1892 ఆగస్టు 13న విజయనగరమున తొలిసారి రంగమెక్కిన 'కన్యాశుల్కము'ను నల్లగొండ జిల్లాలో కూర్చుండి చదివినప్పుడు

తెలుగు రంగస్థలముపై చేదునవ్వు పుట్టించిన నాటకములలో ఏదో యొకదాని తొలి ప్రదర్శనమును గూర్చి ముఖచిత్ర కథనము కావలెననియు, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి అందనిచో ఆ పుటలు వానకాలపు వంటలకు పోవుననియు సంపాదకులవారు ఫోనులో సెలవిచ్చినప్పుడు, నల్లగొండ వాడనగుటచేత నా మనస్సు మొదట 'మా భూమి' మీదికే పోయినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు 1947లో వ్రాయగా ప్రజానాట్యమండలి వారు కోస్తా జిల్లాలలో ఊరూర ఆడిన ఆ నాటకము మా వైపు పల్లెల కథయే. అందు కోపమున్నది, కన్నీరున్నది, ఆశయున్నది. కాని ప్రేక్షకుడు నవ్విన మరుక్షణమే తన నవ్వునకు తానే ఉలికిపడు స్థితి అందు లేదు. దొరను చూచి నవ్వుట వేరు, దొర కొలువున మనమును ఒక పీట వేసికొని కూర్చున్నామని తెలిసి నవ్వుట వేరు. ఈ రెండవ నవ్వునకై వెదకువాడు, ఎన్ని వీధులు తిరిగినను, తుదకు 1892 ఆగస్టు 13వ తేదీన విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు తొలిసారి ప్రదర్శించిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' వాకిటికే చేరవలెను.

చేరుటకు నేను కొంత సంశయించినమాట దాచను. ఆ నాటకమందలి గిరీశమును గూర్చి తెలుగువారు వ్రాసినంత బహుశః తమ తాతముత్తాతలను గూర్చి కూడ వ్రాసికొనలేదు; అతని చుట్టకును, అతని ఇంగ్లీషు ముక్కలకును, మధురవాణి మాటలలోని చమత్కారమునకును ఆదివారపు సంచికలు ఏటేట పెట్టుచున్న హారతులలో నా వంతు కర్పూరము కలుపవలెనను ఉత్సాహము నాకు లేదు. సంఘసంస్కరణ నాటకము వలన సంఘము సంస్కరింపబడెనని చెప్పువారి మాటపై నాకు మొదటినుండియు నమ్మకము తక్కువ. కావున నాటకమును ప్రక్కన పెట్టి ముందుగా పీఠికను విప్పితిని. విప్పిన తరువాత చాలసేపు నాటకములోనికి పోలేకపోతిని. ఆ పీఠికయందొక పట్టిక సారాంశమున్నది.

1897లో నాటకము తొలిసారి అచ్చయినప్పుడు, దానిని విజయనగర ప్రభువైన ఆనందగజపతి మహారాజునకు అంకితమిచ్చుచు, గురజాడవారు ఆంగ్లమున ఒక పీఠిక కూర్చినారు. అంతకు సుమారు పదేండ్ల క్రిందట మహారాజు ఆజ్ఞపై విశాఖపట్టణ మండలమున ఒక విచారణ జరిగినదట. సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరముల కాలమున, పిల్లకు వెలకట్టి సొమ్ము పుచ్చుకొని చేసిన వివాహములెన్ని యని ఆరా తీసి, ఒక జాబితా తయారుచేయించినారు. లెక్కకు వచ్చిన వివాహములు 1,034. ఏటికి సగటున 344 అని పీఠిక చెప్పుచున్నది. అందు అయిదేండ్ల వయస్సున పెండ్లియైన బాలికలు 99 మంది. నాలుగేండ్ల వారు 44. మూడేండ్ల వారు 36. రెండేండ్ల వారు 6. ఏడాది వయస్సు వారు 3. ఈ చివరి ముగ్గురి వెల, తలకు 350 మొదలు 400 రూపాయల వరకు. అటుపిమ్మట, ఒక్కొక్కప్పుడు తల్లి గర్భమున ఉన్న పిండమునకే బేరము కుదురుటయు కలదని వాక్యము ముగియును.

ఈ అంకెలను ఒక గుమాస్తా వ్రాసినట్లు చదువరాదు, ఒక నాటకకర్త కూర్చినట్లు చదువవలెను. తొంబదితొమ్మిది, నలువదినాలుగు, ముప్పదియారు, ఆరు, మూడు: సంఖ్య తగ్గిన కొలది వయస్సు తగ్గుచున్నది, వయస్సు తగ్గిన కొలది చదువరి గుండె బిగిసికొనుచున్నది. ఇంతకంటె క్రిందికి దిగుటకు మెట్టు లేదని మనము ఊపిరి తీసికొనబోవు వేళకు ధర వచ్చును, ధర తరువాత గర్భము వచ్చును. హాస్యము నెరిగినవాడు తన చమత్కారమును ఎక్కడ ఆపవలెనో, దాని తరువాత ఇంకొక్క మాట ఎప్పుడు విసరవలెనో ఎట్లు తెలిసియుండునో, అట్లే ఈ లెక్క నడచినది. నాటకమున ఏ పాత్రయు పలుకకముందే, రచయిత తన పద్ధతిని పీఠికయందే చూపినాడనుట నా అభిప్రాయము.

కాగితము పెన్సిలు తీసికొని నేనును కొంత కూడిక చేసితిని. అయిదేండ్లు, అంతకు లోబడినవారు మొత్తము 188 మంది; అనగా నూటికి పదునెనిమిదిమంది. ఇక ఏటికి 344 అన్న సగటును మూడేండ్లతో హెచ్చించినచో 1,032 మాత్రమే వచ్చును. మిగిలిన ఇద్దరు బాలికలు భాగహారమున శేషమైపోయినారు. భిన్నమును వదలిపెట్టుట గణితమున తప్పు గాదు. మండలమునకంతకును లెక్క చెప్పుచున్నవాడు ఇద్దరికొరకు ఆగడు. అయినను, ఆ ఇద్దరును ఏ అగ్రహారమున ఏ అరుగుపై ఆడుకొనుచుండిరో, ఎవరి చేతికి ఎంత సొమ్ము వచ్చి వారు ఏ వృద్ధుని యింటికి చేరిరో యని నాకు తోచుచునే యున్నది.

పట్టిక సంపూర్ణము గాదని పీఠికయే ఒప్పుకొనుచున్నది. పిల్లనమ్మి సొమ్ము తీసికొంటినని వాకిట నిలిచిన అధికారితో చెప్పుటకు ఏ తండ్రియు ముందుకు రాడు గదా. కావున ఈ 1,034, దాచలేకపోయిన వివాహముల సంఖ్యయే కాని, జరిగిన వివాహముల సంఖ్య గాదు. ఆనందగజపతి ఈ దురాచారమును అరికట్టుటకు చెన్నపట్టణపు శాసనసభలో ఒక బిల్లు ప్రతిపాదించినను, ఛాందసుల భయమువలన అది చట్టము కాలేకపోయినది. చట్టమునకు ఉపకరింపని పట్టిక నాటకమునకు ఉపకరించినది. గురజాడవారు ఈ నాటకమును రెండు ఉద్దేశములతో వ్రాసితినని చెప్పుకొన్నారు: సంఘసంస్కరణకు తోడ్పడుట ఒకటి, తెలుగుభాష రంగస్థలమునకు తగదను అపోహను పోగొట్టుట రెండవది. రెండవ పని సంపూర్ణముగ నెరవేరినది. మొదటిదాని సంగతి క్రింద చెప్పెదను.

కథ ఎల్లరెరిగినదే గనుక అందు ఒక్క ముడిని మాత్రము విప్పెదను. కృష్ణరాయపురాగ్రహారపు అగ్నిహోత్రావధానులు, పెద్దకూతురు బుచ్చమ్మను ఇదివరకే అమ్మి, ఆమె విధవయై యింటికి వచ్చిన పిమ్మటను బుద్ధి తెచ్చుకొనక, చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులను ముసలి పిసినారికి పదునెనిమిదివందల రూపాయలకు ఒప్పుకొనును. తల్లి వెంకమ్మ నూతిలో పడును. ఆమె సోదరుడు కరటకశాస్త్రి, రాజావారి నాటకములలో విదూషకవేషము కట్టువాడు, తన శిష్యుడు మహేశమునకు ఆడపిల్ల వేషము వేసి, లుబ్ధావధానులకు అంతకంటె చౌకగా అమ్మివేయును. పెండ్లియైన వెనుక 'పెండ్లికూతురు' మాయమగును. పిల్ల ఏమైనదని ఊరు గగ్గోలెత్తును. ముసలివాడు భార్యను హత్యచేసెనను మాట పుట్టి పోలీసుల వరకు, కచేరీల వరకు, విశాఖపట్టణపు వకీళ్ళ వరకు ప్రాకును.

నిలిచి చూడుడు. వేయిమంది పైచిలుకు బాలికలు నిజముగా అమ్ముడుపోయినారు; వారి విషయమై ఏ ఠాణాయందును కేసు లేదు. ఎన్నడును పుట్టనే పుట్టని బాలిక యొకతె మరణించినదట. ఆమె విషయమై మాత్రము కేసున్నది, సాక్షులున్నారు, లంచములున్నవి, తీర్పునకై ఎదురుచూపులున్నవి. ఉన్న పిల్లను కొనుట నేరము కాని దేశమున, లేని పిల్లను చంపుట నేరమైనది. దీనిని చూచి కడుపుబ్బ నవ్వినవారు ఆ రాత్రి యింటికి పోయి తమ పిల్లల ముఖములను ఎట్లు చూచిరో ఊహింపుడు. ఆనాటి సమాజ నాటకములలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట ఆచారము గనుక, పట్టికలోని వేయిమంది బాలికలకు రంగముపై ప్రతినిధిగా నిలిచినవాడు ఒక బాలుడు. అసలు సరుకైన సుబ్బికి నాటకమున చెప్పుకొనదగిన పాత్రయే లేదు. విమర్శకులు దీనిని లోపమందురు. నేననను. సంతలో సరుకు మాటాడదు, బేరగాండ్రు మాటాడుదురు. గురజాడవారు వారిచేతనే మాటాడించినారు, అందుచేతనే నాటకమంతయు మాటల జాతరయైనది.

చరిత్ర కొంతయైనను చెప్పవలెనని సంపాదకుల నియమము గనుక ఒక్క గుక్కలో చెప్పెదను. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతమున 'మంజరీ మధుకరీయము' వ్రాసినారు; 1880లో ధార్వాడ నాటక సమాజము రాజమహేంద్రవరము వచ్చి ఆడిపోయిన ఊపున వీరేశలింగముగారు తమ 'వ్యవహార ధర్మబోధిని'ని విద్యార్థులచే ఆడించినారు; 1885లో కడప మండలపు సురభి గ్రామమున 'కీచకవధ'తో సురభివారి పరంపర మొదలైనది; బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయము'తో పద్యనాటకమునకు పెద్దపీట వేసినారు; 'కన్యాశుల్కము' అచ్చయిన 1897లోనే వేదము వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయము'ను వెలువడినది. రాజులు, రాక్షసులు, పద్యములు నిండిన ఆ రంగముపైకి పూటకూళ్ళమ్మను, హెడ్డుకనిస్టేబును, దొంగసాక్షులను తెచ్చి నిలిపినవాడు గురజాడ. చరిత్ర యింతే.

ఇక మొదటి ఉద్దేశము సంగతి. నాటకము పుట్టిన ముప్పది యేండ్లకే, 1920ల ఆరంభమున, కాళ్ళకూరి నారాయణరావుగారు 'వరవిక్రయము' వ్రాయవలసి వచ్చినది. పిల్లనిచ్చి సొమ్ము పుచ్చుకొను తండ్రి పోయి, పిల్లతోపాటు సొమ్ము నెదురిచ్చు తండ్రి వచ్చినాడు; మొదటి నాటకమున తల్లి నూతిలో పడినది, రెండవ నాటకమున కూతురు కాళింది ప్రాణము తీసికొన్నది. 1909లో గురజాడవారు అయిదంకముల నాటకమును ఏడంకములకు పెంచి, మధురవాణిని నిండు పాత్రగా తీర్చి మరల అచ్చువేయించు నాటికే గాలి మళ్ళుచుండెను. కన్యాశుల్కము పోయినదని మనము పండుగ చేసికొంటిమి. పోయినది శుల్కము ప్రవహించు దిక్కు మాత్రమే. అంగడి అక్కడనే యున్నది.

ఈ మాట కోస్తా అగ్రహారమును గూర్చి చెప్పినంతవరకు నాకది చరిత్ర. దేవరకొండ దారిన పోవునప్పుడది చరిత్ర గాదు.

నల్లగొండ నుండి దేవరకొండకును, అటనుండి చందంపేట దిశగాను పోవువారికి రాతినేలలు, చెట్టు తక్కువ గుట్టలు, వానను నమ్ముకొన్న చేలు, నడుమ నడుమ లంబాడీ తండాలు కానవచ్చును. పాలమూరు వైపు తండాలవారు మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకొని దూరదేశములకు మట్టిపనికి పోవుట ఎరిగినదే. దేవరకొండ వైపు బ్రతుకును అంతకంటె తేలిక గాదు. లంబాడీలలో ఒకప్పుడు వరునివారే వధువు తండ్రికి ఎడ్లును రొక్కమును ఓలిగా ముట్టచెప్పుట ఆచారము. ఆడపిల్ల పుట్టినచో ఇంటికి నష్టమనుమాట ఆనాడు లేదు. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో, సేద్యము చితికి, వారి పాత బ్రతుకుతెరువు ఎన్నడో పోయి, చుట్టుప్రక్కల కులముల వాడుక తండాలోనికి చొరబడగా, ఓలి పోయి కట్నము వచ్చినది. పండితులు ఈ మార్పును శ్రద్ధగా నమోదు చేసినారు. విజయనగరపు అగ్రహారములలో 1892కును 1920లకును నడుమ జరిగినది, మా తండాలలో సుమారు డెబ్బదియెనుబది యేండ్లు ఆలస్యముగ జరిగినదన్నమాట.

ఫలితము వేరు. అగ్రహారమున ఆడపిల్ల విలువైన సరుకుగనుక అమ్మినారు. తండాలో ఆడపిల్ల విలువ పోయినదిగనుక అమ్మినారు. 1999లోను, మరల 2001లోను, దేవరకొండ ప్రాంతపు తండాలలో పుట్టిన ఆడశిశువులను మధ్యవర్తులు కొద్దిపాటి సొమ్మునకు కొని, దత్తత సంస్థలకు చేర్చుచున్నారనియు, అచటినుండి విదేశములకు పంపుచున్నారనియు వెల్లడియై దేశమంతట గగ్గోలు పుట్టినది. పోలీసులు వచ్చినారు, శిశువులను హైదరాబాదు శిశువిహారునకు తరలించినారు, పత్రికలవారు తండాలలో తల్లుల ఫోటోలు తీసినారు. బీదరికమువలననో, ఆడపిల్ల వలదనో కన్నవారు శిశువును విడిచిపెట్టుచున్నామని వ్రాసియిచ్చుట ఇకపై చెల్లదని 2001లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది.

ఆ విచారణలలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి కాగితములు. శిశువును ఇష్టపూర్వకముగ విడిచినట్లు తల్లిదండ్రులు వేలిముద్ర వేసిన పత్రములు. వానిలో కొన్ని కల్పితములని, వేలిముద్ర వేసినవారు అసలు తల్లిదండ్రులే కారని తేలినది. విజయనగరపు నాటకమున పిల్ల లేదు, కేసు నిజమైనది. దేవరకొండ వ్యవహారమున పిల్ల నిజమైనది, తల్లిదండ్రులు లేరు, పత్రమున మాత్రమున్నారు. ఒక తండ్రి వేషమును అద్దెకు తెచ్చి వేలిముద్ర వేయించినవాడు కరటకశాస్త్రి బంధువే కావలెను. ఒక్కటే భేదము, శాస్త్రి మేనకోడలిని కాపాడుటకు వేషము కట్టించినాడు.

దీనిని హాస్యముగ చెప్పవచ్చునా యని అడుగువారుందురు. తండాలోని తల్లిని చూచి నవ్వుట మహాపాపము. గురజాడవారును వెంకమ్మను చూచి నవ్వలేదు, బుచ్చమ్మను చూచియు నవ్వలేదు. ఆయన నవ్వినది బేరము కుదిర్చిన రామప్ప పంతులును చూచి, ముహూర్తము పెట్టిన సిద్ధాంతిని చూచి, లంచమునకు చేయి చాచిన అధికారిని చూచి, సంస్కరణమును గూర్చి ఉపన్యసించి విధవను లేవదీసికొనిపోయిన గిరీశమును చూచి. నేటి నాటకకర్తకు మా తాలూకాలో ఈ పాత్రలన్నియు సిద్ధముగనే యున్నవి. తండా చివర మోటారుసైకిలు ఆపిన మధ్యవర్తి కలడు. ఖాళీ పత్రమున సంతకము పెట్టిన సాక్షి కలడు. సభయందు ఆడపిల్లయే ఇంటికి వెలుగని ఉపన్యసించి, ఇంట కోడలి కట్నము బాకీ లెక్కించు పెద్దమనిషి కలడు. ఈ చివరివాడు ఈ వ్యాసమును చదువుచుండుటకును అవకాశము కలదు.

చిత్రమేమన, దేవరకొండకు సంస్కరణము కొత్త గాదు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ రెండవ సమావేశము 1931లో అచటనే, పాలమూరు సీమవారైన బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన జరిగినది. అంతకు ముందటి యేడు జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మొదటి సమావేశము నాటినుండియు బాల్యవివాహములు, వితంతువివాహములు చర్చకు వచ్చుచునే యుండెను. మహాసభకు తోడుగ మహిళాసభయు జరుగుచుండెను. ఆ తీర్మానములు మంచివి. కాని సభ జరిగిన పందిరికిని తండాకును నడుమ దూరము ఆనాడు ఎవరును కొలువలేదు. తీర్మానము చదివినవానిని చూచి ఎవరును నవ్వరు, అందువలననే ఎవరును భయపడరు. నాటకమునకు ఉన్న బలమిదియే. బలహీనతయు ఇదియే, ఏలయన నవ్వి భయపడినవాడు మరునాటికి మరచిపోవచ్చును.

అంచుపెట్టెలు

రామప్ప పంతులు పాలమూరులో

'శంకరాభరణం' (1980) శంకరశాస్త్రిగ తెలుగువారెల్లరకు తెలిసిన జె.వి. సోమయాజులుగారు అంతకు చాలముందే రంగస్థలమున 'కన్యాశుల్కము' రామప్ప పంతులుగ పేరుపడినవారు. తమ్ముడు జె.వి. రమణమూర్తిగారు గిరీశము. వృత్తిరీత్యా సోమయాజులుగారు రెవెన్యూ శాఖ అధికారి. మహబూబ్‌నగర్‌లో డిప్యూటీ కలెక్టరుగ పనిచేసినారు. దొంగసాక్ష్యములకును తప్పుడు దస్తావేజులకును పెట్టినది పేరైన పాత్రను సాయంకాలము ధరించినవాడు, పగలు నిజమైన దస్తావేజులను పరిశీలించినాడు. సినిమాలోనికి ఆయన తొలి అడుగు పెట్టినదియు పాలమూరు ఉద్యోగకాలముననే.

వెండితెర మీద

1955లో వినోదా వారి 'కన్యాశుల్కం' చిత్రము విడుదలైనది. దర్శకులు పి. పుల్లయ్య, గిరీశముగ ఎన్.టి. రామారావు, మధురవాణిగ సావిత్రి, రామప్ప పంతులుగ సి.ఎస్.ఆర్., లుబ్ధావధానులుగ గోవిందరాజుల సుబ్బారావు. సావిత్రిని చూచుటకు ఎన్నిమారులైనను చూడవచ్చును. చిత్రము నాటకముకంటె మెత్తనిది. పీఠికలోని పట్టికకు తెరపై చోటులేదు.

పాలమూరు చేదునవ్వు

మా సీమలో ఈ జాతి హాస్యము లేదనువారు సురవరము ప్రతాపరెడ్డిగారి 'మొగలాయి కథలు' చదువవలెను. 1926లో 'గోలకొండ పత్రిక' స్థాపించిన ఈ పాలమూరు ముద్దుబిడ్డ, నిజాము కాలపు అధికారుల తెలివితక్కువతనమును, లంచగొండితనమును ముఖమున చిరునవ్వు చెదరకుండ చెప్పినారు. ఆయన 'ఉచ్చల విషాదము' అను నాటకమును వ్రాసినారు. కథలలోని ఆ వెటకారమును రంగముపైకి తేలేదేయని నాకొక చిన్న విచారము.

తహసీలు కచేరీలో మరియొక పట్టిక

2014 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన కల్యాణలక్ష్మి పథకమున ఆడపిల్ల పెండ్లికి మొదట 51,000 రూపాయలిచ్చిరి. తరువాత అది 1,00,116 వరకు పెరిగినది. వధువునకు పదునెనిమిదేండ్లు నిండినట్లు రుజువు చూపవలెను. ఈ షరతు వలన పెండ్లి ఒకటి రెండేండ్లు ఆగిన ఇండ్లు నాకు తెలియును; అందుకు సంతోషమే. ఆ సొమ్ము చేతికి రాకముందే వరుని తండ్రి లెక్కలో జమయైన ఇండ్లును తెలియును. ఆనందగజపతి పట్టికలో వయస్సు ఎదుట వెల యుండెను; ఈ పట్టికలోను వయస్సు ఎదుట ఒక మొత్తమున్నది. రెండింటిని ఒక్కటనను. ఒక్క బల్లపై పెట్టి చూచిన నాటకకర్తకు మాత్రము రెండవ అంకము దొరకును.

ఈ కథనమునకు ముఖచిత్రముగ గిరీశమును వేయుదుమని సంపాదకులవారన్నారు. వలదని ప్రార్థించితిని. అంకెలను మాత్రము ముద్రింపుడంటిని: 99, 44, 36, 6, 3. సంచిక మీ చేతికి వచ్చునాటికి ఎవరి మాట నెగ్గినదో మీకే తెలియును.

నల్లగొండలోను, పాలమూరులోను, దేవరకొండ, నాగరుకర్నూలు, వనపర్తి పట్టణములలోను ఉన్న నాటక సమాజముల వారికిని, కళాశాలల తెలుగు శాఖల వారికిని ఒక విన్నపము. పరిషత్తు పోటీలకై గంటసేపటి నాటికలు ఎన్నో ఆడుచున్నారు. ఈ యేడు 'కన్యాశుల్కము'ను ఆడుడు. ఏడంకములు అక్కరలేదు, మహేశము మాయమైనది మొదలుకొని కేసు నడిచినంతవరకు చాలును. తెర లేవకముందు ఒక బాలిక వచ్చి పట్టికను చదువవలెను, ఆ శేషమైన యిద్దరిని కూడ కలుపుకొని, వేయిన్ని ముప్పదినలుగురని. తొలి ప్రదర్శనము దేవరకొండలో పెట్టుడు. తండాలవారికి ముందు వరుస వదలుడు, కట్నపు పెద్దమనుషులను వారి వెనుక కూర్చుండబెట్టుడు. గురజాడవారు 1915 నవంబరు 30న గతించినారు గనుక నాటకముపై ఎవరికిని హక్కులు లేవు. ఎవరి అనుమతియు అక్కరలేదు, ఎవరికిని రుసుము చెల్లింపవలసిన పనియు లేదు.